పైడిరాజు ఎవరినీ తూర్పారబట్టలేదు

అనకాపల్లిలో విలేకరిగా పనిచేసిన ఇన్నేళ్లలో ఏ నాయకుడైనా ఊరికే మాట్లాడాడని మా పేపర్లో వచ్చినట్టు నాకు గుర్తులేదు. ధ్వజమెత్తేవారు, నిప్పులు చెరిగేవారు, విరుచుకుపడేవారు, దుయ్యబట్టేవారు. ఏమీ తోచని రోజున కనీసం మండిపడేవారు. సభలో ముందు వరసలో కూర్చుని వినేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. వాళ్లలో సగంమంది గొంతు సవరించుకుని, చేతిలో కాగితం చూసి చదివి, మధ్యలో మంచినీళ్లు తాగి దిగిపోయేవారు. మర్నాడు పేపరు చూసుకుని వాళ్లే ఆశ్చర్యపోయేవారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. ప్రెస్‌మీట్‌లో ఏ కుర్చీలో కూర్చోవాలో, ఫోన్‌లో వీడియో ఎలా తీయాలో నేను చెప్పక్కర్లేదు, వాళ్లే నాకు చెబుతారు. నేను చెప్పగలిగింది ఒక మాట గురించి. తూర్పారబట్టడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఒక్క మాట ఒక పెద్దమనిషి ఇల్లు, ఒక ఇంజనీరు మనసు, ఒక కాలవ కింద పొలాలు అన్నిటినీ అల్లకల్లోలం చేసింది. నా సర్వీసులో పదోన్నతులు, ఐడీ కార్డులు, బదిలీలు ఏమున్నాయో నాకే సరిగా గుర్తులేదు. ఇది మాత్రం బాగా గుర్తుంది.

ఇంటిపనంతా వేదిక మీదే

ముందు ఈ మాటల సంగతి చెప్పుకుందాం. ఒకడు ఇంకొకణ్ణి నలుగురిలో నిలబెట్టి గట్టిగా మాటలనడానికి మన భాషలో ఉన్న మాటలు చూడండి. ఏకిపారేశాడు అంటాం. ఏకడం దూదికి చేసే పని. ఉతికి ఆరేశాడు అంటాం. కడిగేశాడు, దులిపేశాడు, ఎండగట్టాడు అంటాం. నిప్పులు చెరిగాడు అంటాం. చెరగడం చేటతో చేసే పని. ఒక నాయకుడు గంటసేపు మాట్లాడితే ఒక ఇంటిపనంతా అయిపోయినట్టే. మా ఇంట్లో ఆ పనులన్నీ నిజంగా చేసేది మా ఆవిడ రూతు. ఆమె పేరు ఒక్క హెడ్డింగులోనూ రాలేదు.

ఇవన్నీ ఎదుటివాడి మీద పడే మాటలు. వినేవాళ్ల మీద పడే ప్రసంగానికి వేరే పేరుంది, ఊకదంపుడు. ధాన్యం దంచితే బియ్యం వస్తాయి. ఊక దంచితే చేతులు నొప్పిపుడతాయి, అంతే. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ ఊక దగ్గరే గడిచింది. ఇక దుయ్యబట్టడం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తెలియకుండానే చాలామంది చేత దుయ్యబట్టించాను.

మా నాన్న పాస్టరు. గట్టిగా మాట్లాడటం అంటే ఏమిటో నాకు చిన్నప్పుడే తెలుసు. ఆదివారం ఆయన గొంతు పెంచితే వెనక బెంచీలో కునుకు తీస్తున్నవాళ్లు తమ పాపాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు లేచి కూర్చునేవారు. అందుకే నాకు విలేకరిగా మొదటినుంచీ ఒక ఇబ్బంది ఉండేది. నిజంగా నిప్పులు చెరిగితే ఎలా ఉంటుందో తెలిసినవాడికి, చెరగనివాణ్ణి చెరిగాడని రాయడం కొంచెం కష్టం.

పైడిరాజు

పైడిరాజు నాతో పాటు అనకాపల్లి హైస్కూల్లో చదువుకున్నాడు. తుమ్మపాల అవతల ఒక చిన్న ఊరు అతనిది. చెరకు, వరి పండించేవాడు. బడిలో ఉన్నప్పటినుంచీ నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి. మనిషి నిలువెత్తు, మీసాలు గుబురు. గొంతు మాత్రం పక్కవాడికి కూడా సగమే వినబడేది. పంతులుగారు హాజరు పిలిస్తే ఇతను పలికాడో లేదో తెలియక రెండోసారి పిలిచేవారు.

ఆ ఊళ్లో నీటి సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు రెండు వర్గాలూ కొట్టుకునేదాకా వెళ్లి, చివరికి ఇద్దరితోనూ తగాదా లేని మనిషి ఎవరా అని వెతికితే పైడిరాజు దొరికాడు. అతను వద్దనే అన్నాడట. అన్నది ఎవరికీ వినబడలేదు.

కాలవ పూడిపోయి చాలా కాలమైంది. నీళ్లు వదిలితే ఎగువ పొలాలకు అందేవి, శివారు పొలాలకు అందేవి కావు. పైడిరాజు పొలం ఎగువనే ఉంది. అతనికి ఏ లోటూ లేదు. అయినా శివారు రైతులు వచ్చి ఇంటి ముందు కూర్చుంటే అతనికి అన్నం సహించేది కాదు. వానలకు ముందే పూడిక తీయించాలని తిరగడం మొదలుపెట్టాడు. ఇరిగేషన్ ఇంజనీరు, డీఈ ప్రకాశరావుగారిని బతిమాలి, బడి అరుగు మీద జరిగిన రైతుల సమావేశానికి తీసుకొచ్చాడు. నన్నూ రమ్మన్నాడు.

ఆ రోజు పైడిరాజు మాట్లాడింది మొత్తం నేను విన్నాను. పక్కనే కూర్చున్నాను కాబట్టి వినబడింది. డీఈ బాబుగారు పెద్ద మనసు చేసుకుని వచ్చారని, కాలవవంక ఒకసారి చూడాలని, శివారువాళ్లు మహా ఇబ్బంది పడుతున్నారని చెప్పి, రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. డీఈ కూడా మంచిగానే జవాబిచ్చారు. వచ్చే వారం వచ్చి కాలవ గట్టు వెంబడి నడిచి చూస్తానని మాటిచ్చారు. అందరికీ ఉప్మా పెట్టారు. నేను అనకాపల్లి తిరిగొచ్చి, ‘పూడిక తీయించాలని నీటి సంఘం అధ్యక్షుడు పైడిరాజు కోరారు’ అని రాసి ఫ్యాక్స్ చేశాను.

మర్నాడు జిల్లా పేజీలో పైన, పేజీ సగం దాకా పరిచిన అక్షరాలతో వచ్చింది. ‘ఇరిగేషన్ అధికారులను తూర్పారబట్టిన పైడిరాజు’. దాని కింద చిన్న హెడ్డింగు, ‘నిద్రపోతున్నారా అంటూ నిలదీత’.

డెస్కు

విశాఖలో మా డెస్కు ఇన్‌చార్జి శేషగిరిగారు. ఆయన గురించి చెడ్డగా చెప్పాలని నాకు లేదు. భాష బాగా తెలిసిన మనిషి. విలేకరి పంపిన కాపీ ఎవరిదైనా తీసుకుని పావుగంటలో తళతళలాడించేవాడు. కాకపోతే మెత్తటి మాట కనబడితే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. ‘చెప్పారు’ కనబడితే ‘స్పష్టం చేశారు’ అయ్యేది. ‘అడిగారు’ కనబడితే ‘నిలదీశారు’ అయ్యేది. ఒకసారి నేను ఒక నాయకుడు దగ్గాడని మాటవరసకు రాస్తే, వార్తలో ఆయన గర్జించాడని వచ్చింది.

నేను ఫోన్ చేసి, పైడిరాజు అలా అనలేదండీ, కోరాడంతే అన్నాను. ఆయన నిదానంగా చెప్పాడు.

“దేవదానంగారూ, కోరడం పెళ్లి శుభలేఖలో ఉంటుంది. వార్తలో కాదు. కోరారు అని హెడ్డింగు పెడితే ఎవరు చదువుతారు చెప్పండి?”

డీఈ చదువుతారండీ, దాంతోనే వస్తుంది చిక్కు అన్నాను. అదే మరి పేపరంటే అని ఫోన్ పెట్టేశాడు.

పిల్లలూ, మీరు దీన్నుంచి తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీరు రాసినదానికి మీ పేరుంటుంది. మార్చినవాడికి పేరుండదు. ఊళ్లో తిరగాల్సింది మీరు. పై ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నవాడు ఏ ఊరి బస్సూ ఎక్కడు. నేను ఆ వారంలో అటువైపు వెళ్లడం మానేశాను. కానీ అటువైపే నా దగ్గరికి వచ్చింది.

పులి

డీఈ గారు వస్తానన్న వారం రాలేదు. ఆ తరవాత వారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే ఆఫీసులో లేరని చెప్పించేవారు. అది నేను ఊహించినదే. ఊహించనిది ఊళ్లో జరిగింది.

పేపరు వచ్చిన రోజు పొద్దున్నే పైడిరాజు ఇంటి ముందు జనం చేరారట. సమావేశంలో ఉన్నవాళ్లు కూడా వచ్చారు. వాళ్ల కళ్ల ముందే అతను దండం పెట్టి కూర్చున్నాడు. అయినా అచ్చులో చూశాక వాళ్లకే అనుమానం వచ్చింది, మనకు సరిగా వినబడలేదేమో, లోలోపల గట్టిగానే అన్నాడేమో అని. అసలు అక్కడ లేనివాళ్లకైతే ఏ అనుమానమూ లేదు. వాళ్ల దృష్టిలో పైడిరాజు ఆ రోజునుంచి పులి.

ఒకడు వచ్చి కరెంటాఫీసుకు రమ్మన్నాడు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, వాళ్లను తూర్పారబట్టాలి అని. పైడిరాజు నాకు చేతకాదని మొత్తుకున్నా వినకుండా బండెక్కించి తీసుకెళ్లాడు. అక్కడ ఇతను గుమ్మంలో నిలబడి చేతులు జోడించేలోపే లోపలున్నాయన లేచి, పైడిరాజుగారా, పేపర్లో చూశామండీ, మీరు మాట్లాడొద్దు, రేపే పంపిస్తాం అన్నాడట. పంపించాడు కూడా. దాంతో పక్క ఊరివాళ్లు రేషను దుకాణం కోసం వచ్చారు. ఇంకో ఊరివాళ్లు బస్సు ఆగడం లేదని వచ్చారు. అతను వెళ్లడం, నోరు విప్పకముందే పని అయిపోవడం. ఆ మాట అందరికీ పనికొచ్చింది. అతని కాలవకు మాత్రం అదే అడ్డుపడింది.

పైడిరాజు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రూతు మజ్జిగ ఇస్తే తాగాడు. తరవాత అడిగాడు.

“బావా, తూర్పారబట్టడవంటే ధాన్యం ఎగరబొయ్యడవే కదా. నాను మనిసినెలా పట్టేను?”

రూతు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. రోజూ వాడే మాటే. ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మేనత్త చెప్పింది

ఈలోగా డీఈ గారే నాకు ఫోన్ చేశారు. ఆయనా మంచి మనిషే. ఆయన బాధ వేరు. వాళ్ల మామగారు విశాఖలో మా పేపరే చదువుతారు. అల్లుణ్ణి ఎవరో పల్లెటూరాయన నలుగురిలో తిట్టాడని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించారట. తూర్పారబట్టడం అంటే తిట్టడమే కదా, నన్ను ఎవరు తిట్టారో చెప్పండి, లేదా సవరణ వేయండి అని డీఈ పట్టుబట్టారు.

శేషగిరిగారికి చెబితే, తిట్టడం కాదు, విమర్శించడం అన్నాడు. తూర్పు గాలికి ఎదురుగా నిలబడి ధాన్యం ఎగరబోస్తారు కాబట్టి తూర్పారబట్టడం అయిందని, అందులో తిట్టు ఎక్కడుందని ఎదురు ప్రశ్న వేశాడు. నాకు నమ్మకం కుదరక మా మేనత్త సువార్తమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. నేను విలేకరినయిన రోజునుంచీ మా పేపర్లో తప్పులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి దాచిపెడుతోంది. నేను కనబడినప్పుడల్లా ఆ కట్ట చూపిస్తుంది.

ఆమె పెరట్లో మునగాకు దూస్తూ చెప్పింది. ఇక్కడ తూర్పు అంటే దిక్కు కాదట. ఎగరబోసి గాలికి శుభ్రం చేయడానికే తూర్పు అని పేరట. తూర్పెత్తడం అన్నా అదేనట. పడమటి గాలి వీచినా రైతు తూర్పే ఎత్తుతాడు కదరా, దిక్కుతో ఏం పని అంది. నాకు నచ్చింది. ఆ తరవాత ఇంకో సంగతి చెప్పింది. తమిళంలో దీనికి చుట్టమైన మాట ఒకటి ఉందట. దానికి ధాన్యం ఎగరబోయడం అన్న అర్థంతో పాటు నలుగురిలో ఒకడి మీద నింద వేయడం అన్న అర్థం కూడా ఉందట. అంటే ధాన్యం నుంచి మనిషి మీదికి ఆ మాట ఎప్పుడో దూకేసింది, మీ శేషగిరి కొత్తగా చేసిందేమీ లేదు అంది.

“మరి అది తిట్టా కాదా అత్తా?”

“గింజవైతే కాదు, పొల్లువైతే తిట్టే. ఎవురికి వారు సూసుకోవాల.”

ఈ విషయంలో పండితులు ఇంకోలా చెబితే నేను వాళ్లతో వాదించను. నాకు తెలిసిన పండితురాలు ఆమె ఒక్కతే. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా కుటుంబంలో లేరు.

నేను చేయాల్సింది అక్కడితో ఊరుకోవడం. కానీ అర్థం తెలిసిన ఉత్సాహంలో మొత్తం శేషగిరిగారికి వివరించాను. ఆయన మెచ్చుకుని, దాన్నే సవరణగా వేస్తానన్నాడు. చుట్టూ గీతలతో చిన్న డబ్బా కట్టి వేశాడు. తూర్పారబట్టడం అంటే గింజనుంచి పొల్లును వేరుచేయడమని మాత్రమే అర్థమని, పైడిరాజు చేసింది అదేనని, ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదని.

అది వచ్చిన పొద్దున ఎనిమిది కాకముందే డీఈ గారి ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

“దేవదానంగారూ, అక్కడ మాట్లాడింది పైడిరాజు, ఎదురుగా ఉన్నది నేనొక్కణ్ణే. ఇందులో పొల్లు ఎవరో మీరే చెప్పండి.”

మామగారు కూడా అదే ప్రశ్న అడిగారట. నేను ఏం చెప్పానో గుర్తులేదు. ఏం చెప్పినా పొల్లే అయి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నానికి ఇరిగేషన్ ఆఫీసులో ఆయన్ను చాటుగా ఏమని పిలుస్తున్నారో నాకు తెలిసింది. అది ఇక్కడ రాయను.

సవరణల గురించి నా అభిప్రాయం ఆ రోజుతో స్థిరపడింది. తప్పు అయితే తప్పు అని వేయండి. మేం రాసింది ఆయన అనలేదు అని ఒక్క వాక్యం. అంతకుమించి వివరించారంటే మొదటి తప్పు చదవనివాళ్లు కూడా రెండోదాన్ని చదువుతారు.

గ్రామసభ

వానలు దగ్గరపడుతున్నాయి. శివారు రైతులు ఆకుమళ్లు వేయాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నారు. పూడిక తీయకపోతే వేసిన నారు ఎండిపోతుంది. తీస్తారన్న నమ్మకం లేదు. ఒకరిద్దరు ఆ ఏడు పొలం వదిలేసి పనికి విశాఖ వెళ్లిపోదామని మూటలు సర్దుకున్నారు. పైడిరాజు డీఈ ఇంటికి వెళ్లి గేటు దగ్గర నిలబడి వచ్చాడు. పులి వచ్చాడని భయపడి లోపలివాళ్లు తలుపు తీయలేదు.

చివరికి పైనుంచి ఒక పెద్ద అధికారి ఈ గొడవ ఏమిటో తేల్చమని గ్రామసభ పెట్టించారు. డీఈ గారు తప్పనిసరిగా రావాల్సి వచ్చింది. మేమంతా వెళ్లాం. ఆ ఊరి జనం సరే, చుట్టుపక్కల ఊళ్లనుంచి కూడా వచ్చారు. కొండకర్ల వైపునుంచి ఎవరో ఆటో మాట్లాడుకుని వచ్చారు. వాళ్లకు కాలవతో పనిలేదు. పైడిరాజు తూర్పారబడతాడంట, ఒకసారి కళ్లారా చూద్దామని వచ్చారు. మైక్‌సెట్ పెట్టారు. వేదిక మీద డీఈ గారు జనంవైపు కాక గోడవైపు చూస్తూ కూర్చున్నారు. నేను ముందు వరసలో పెన్ను తీసుకుని సిద్ధంగా ఉన్నాను.

పెద్ద అధికారి మాట్లాడారు. తరవాత పైడిరాజును పిలిచారు. అతను మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో, పట్టు మావా, పట్టేయ్ అన్నారు. అందరూ నవ్వారు. పైడిరాజు జనంవంక చూశాడు, డీఈ వంక చూశాడు, తరవాత నావంక చూశాడు. నా చేతిలో పెన్ను చూశాడు. అతని ముఖం నేనెప్పుడూ చూడనట్టుగా మారిపోయింది.

“బావా, రాసుకుంటన్నావా? రాసుకో. ఆయేళ నానేటన్నాను? బాబుగారూ, ఒకపాలి కాలవొంక సూడండన్నాను. దండమెట్టేను. ఆ దండం నీ పేపర్లో ఏదీ?”

మైకులో ఆ గొంతు ఊరి చివరిదాకా వెళ్లింది. అతనికి అంత గొంతు ఉందని అతనికే తెలియదనుకుంటాను. ఒక క్షణం ఆగి మైకు దూరం జరుపుకున్నాడు. దూరం జరిపినా అలాగే వినబడింది.

“నోరు నాది, మాట నీది. పొల్లు మాత్తరం ఆ బాబుగారి నెత్తి మీద పడ్డాది. ఆయనేటి సేసేడు? వత్తానన్నాడు. నువ్వే రానీకుండా సేసేవు. కరెంటోణ్ణి పట్టమని ఒకడొత్తాడు, బస్సోణ్ణి పట్టమని ఇంకోడొత్తాడు. ఇంటికెల్తే నా పెళ్లాం, నన్నెప్పుడు పడతావని అడుగుతాది. నాతో బడికొచ్చినోడివి నువ్వు. నాలో పులిని ఎప్పుడైనా సూసేవా? పులి కావాలంటే గొలుగొండ అవతల అడివిలోకెల్లి ఎతుక్కో. నాను మనిసిని. నాకు నీళ్లు కావాల. శివారోడు నీ పేపరు నానబెట్టుకుని తాగుతాడా, సెప్పు.”

ఇంకా అన్నాడు. మా పేపరును అన్నాడు, సవరణను అన్నాడు, ఆ సవరణ రాసినవాడి చదువును అన్నాడు. ఒక్క బూతు లేదు, ఒక్క మాట అనవసరం లేదు. మా నాన్న ఆదివారం ప్రసంగాలు విన్న చెవులతో చెబుతున్నాను, అంతటి ప్రసంగం నా సర్వీసు మొత్తంలో వినలేదు. నా పక్కన కూర్చున్న వేరే పేపరు విలేకరి మెల్లగా కుర్చీ దూరం జరుపుకున్నాడు. నేను మాత్రం రాసుకుంటూనే ఉన్నాను. తలెత్తితే అతని కళ్లలోకి చూడాల్సి వస్తుంది. అలవాటు వల్ల కొంత, భయం వల్ల కొంత.

నేను తలెత్తేసరికి డీఈ గారు గోడవైపునుంచి ఇటు తిరిగి ఉన్నారు. ముందు పెదవి బిగబట్టుకున్నారు. ‘పేపరు నానబెట్టుకుని తాగుతాడా’ అన్నచోట ఇక ఆగలేక నవ్వేశారు. పైడిరాజు ముగించి, చెమట తుడుచుకుని, తను చేసిన పనికి తనే కంగారుపడినట్టు నిలబడిపోతే ఆయనే లేచి వెళ్లి తన ముందున్న మంచినీళ్ల గ్లాసు అతని చేతికిచ్చారు. తరవాత మైకు తీసుకుని రెండే మాటలు అన్నారు.

“నన్ను తిట్టారని ఇన్నాళ్లూ అనుకున్నాను. తిడితే ఎలా ఉంటుందో ఇప్పుడు చూశాను. పదండి, కాలవ చూద్దాం.”

సభ అక్కడే ముగిసింది. ఆయన ప్యాంటు పైకి మడుచుకుని గట్టుమీద నడిచారు. పక్కన పైడిరాజు, వెనక శివారు రైతులు. కొండకర్లనుంచి వచ్చినవాళ్లు కూడా వెళ్లారు, అంత దూరం వచ్చి ఊరికే వెళ్లిపోవడం ఎందుకని. నేనూ వెనకాలే నడిచాను. కొంత దూరం వెళ్లాక పైడిరాజు వెనక్కి తిరిగి నా కోసం ఆగాడు. మళ్లీ పాత గొంతు, సగమే వినబడింది. ఏటనుకోకు బావా, నోరు జారిపోనాను అన్నాడు. జారిందేమీ లేదు, సూటిగానే వచ్చింది అన్నాను.

వార్త

సాయంత్రం ఆరింటికి శేషగిరిగారే ఫోన్ చేశాడు. గ్రామసభలో ఏమైందని అడిగాడు. పైడిరాజు తూర్పారబట్టాడండీ, ఈసారి నిజంగానే అన్నాను. ఆయన సంతోషం ఫోన్‌లోంచి వినబడింది. పేజీలో పైన చోటు ఉంచుతున్నాను, ఎవరిని అన్నాడు.

“నన్ను. ఆ తరవాత మన పేపర్ని. సవరణ రాసినవాణ్ణి కూడా.”

అవతల కాగితాలు సర్దుతున్న చప్పుడు వినబడింది. తరవాత, కాపీ పంపండి చూద్దాం అన్నాడు. నేను అక్షరం పొల్లుపోకుండా పంపాను. ఎప్పుడూ లేనిది, ఈసారి ప్రతి మాటా అతను అన్నదే.

మర్నాడు పేపరు తెచ్చి మేనత్త మా అరుగు మీద కూర్చుంది. పేజీ పైనుంచి కిందిదాకా వెతికింది. వివాహ ప్రకటనల పక్కన, ఒక కాలమ్ వెడల్పులో, నాలుగు వాక్యాలు. హెడ్డింగు ఇది. ‘పాత్రికేయులకు పైడిరాజు హితవు’. ఆమె ఎర్ర పెన్సిలు తీసింది, దేని చుట్టూ సున్నా చుట్టాలో తేల్చుకోలేక మళ్లీ పెట్టేసింది. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదురా అంది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మనవాళ్లు ఎదుటివాణ్ణి అంటే అది తూర్పారబట్టడం. ఎదుటివాడు మనల్ని అంటే అది హితవు. మధ్యలో ‘అన్నారు’ అని ఒక మంచి మాట ఉంది. దాన్ని ఎవరూ వాడటం లేదు కాబట్టి కొత్తగానే ఉంటుంది, మీరు వాడుకోండి.

పూడిక తీత ఆ వారంలోనే మొదలైంది. డీఈ గారు రోజూ వచ్చి గట్టుమీద నిలబడేవారు. వానలకు ముందే పని అయిపోయింది. మూటలు సర్దుకున్నవాళ్లు విప్పుకుని ఆకుమళ్లు వేశారు. నీళ్లు వదిలిన రోజు నేను వెళ్లాను. శివారు మడిలోకి నీళ్లు మెల్లగా పారుతూ వస్తుంటే రైతులు గట్టున వరసగా నిలబడి చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. పైడిరాజు కూడా వాళ్ల మధ్యలో మౌనంగానే ఉన్నాడు. ఇంటికొచ్చి చాలా శ్రద్ధగా వార్త రాసి పంపాను.

అది రాలేదు. ఫోన్ చేసి అడిగితే శేషగిరిగారు కాపీ రెండుసార్లు చదివానని, అందులో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదని చెప్పాడు.